ఏటవాలు ఎండ

మొన్న ఆదివారం మా అన్నయ్య మనవరాలు సెల్‌ఫోన్‌లో ఆట ఆడుకుంటుంటే పక్కన కూర్చుని చూస్తున్నాను. కొండ మీద ఎవడో కత్తి పట్టుకుని పరుగెడుతున్నాడు. పిల్ల కళ్ళు వాడి మీద, నా కళ్ళు వాడి కాళ్ళ దగ్గర నీడ మీద. రాళ్ళెక్కినా, గోడ వారకు తిరిగినా ఆ నీడ పాదాన్ని వదల్లేదు. తలెత్తితే అన్నయ్య కూడా అక్కడే చూస్తున్నాడు. మా వయసువాళ్ళకు చెబితే నవ్వుతారేమో గాని, ఒకప్పుడు మా ఇద్దరి బతుకూ అలాంటి నీడ మీదే ఆధారపడి ఉండేది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు అన్నయ్య గవర్నరుపేటలో మేడమీద గది తీసుకుని కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఆఫీసు పెట్టాడు. బెజవాడలో ఇదేం పనని నవ్వినవాళ్ళే ఎక్కువ. నేను కంకిపాడులో అత్తవారింటి నుంచి రోజూ బస్సులో వచ్చి అక్కడ పనిచేసేదాన్ని. చలిదేశం వాళ్ళెవరో గొర్రెలు కాసే పిల్ల కథను ఆటగా చేయమని అప్పగించారు. బొమ్మలు వాళ్ళవి, వాటిని కదిలించే ఇంజిన్ అనే ప్రోగ్రాము మాది. నీడలతో సహా ఆట తడబడకుండా నడవాలి, గడువు నెలాఖరు. నడవకపోతే అన్నయ్య ఆఫీసు మూసుకుని హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కోవాలి; సంసారం వదిలి అంత దూరం పోలేని నాకు, ప్రాణంలా చూసుకున్న ఆ పనే ఉండదు.

నీడ వెయ్యాలంటే కంప్యూటరు మొదట సూర్యుడి చోటు నుంచి అంతా చూసి, తర్వాత ఆడేవాళ్ళ కంటితో మళ్ళీ చూడాలి. రెండింతల చాకిరీ. నీడలు సన్నగా గీయిస్తే ఆట ఆగి ఆగి నడిచేది, ముతకగా గీయిస్తే అంచులు మెట్లుమెట్లుగా కనిపించేవి. నేల మీద చారలు పడుతున్నాయని సరిచేస్తే, నీడ పిల్ల కాళ్ళను వదిలేసి పక్కకు జరిగేది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అన్నం ముందు కూర్చుని కంచంలో నా చేతి నీడను అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే మా అత్తగారు భయపడి దిష్టి తీశారు.

చివరికి ఇద్దరం ఒక ఉపాయం పన్నాం. సూర్యుణ్ణి నడినెత్తిన పెట్టేశాం. మే నెలలో బందరు రోడ్డు మీద నడిచినవాళ్ళకు వేరే చెప్పాలా, మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ళ కిందే ముడుచుకుంటుంది. చారల్లేవు, మెట్లు లేవు, ఆట పరుగో పరుగు. మిఠాయి తెప్పించుకుని తిని మరీ పంపించాం.

వారం తిరక్కుండా తిప్పి పంపారు. వాళ్ళు రాసింది అన్నయ్య చదివాడు.

"వాళ్ళ దేశంలో సూర్యుడు నెత్తి మీదికి రాడంటమ్మా," అన్నాడు.

వాళ్ళెరిగిన ఎండంతా ఏటవాలుదే. మా ఎండ వాళ్ళ కొండలకు అతకలేదు.

ఆ సాయంత్రం బస్సులో ఇంటికి పోతున్నాను. కార్తీకమాసపు పొద్దు తొందరగా వాలిపోతోంది. కిటికీ పక్కన నిద్రగన్నేరు చెట్ల నీడలు రోడ్డు మీద ఆకు ఆకూ తెలిసేలా పడుతున్నాయి. వరిచేల అవతలి కొబ్బరిచెట్లవి మాత్రం ఉత్త మసక మరకలు. రోజూ చూసేదే. దూరపు నీడ నా కంటికే సరిగా అక్కర్లేనప్పుడు కంప్యూటరుకెందుకింత చాకిరీ అనిపించింది. దగ్గరకు సన్నగా, దూరానికి ముతకగా, రెండు నీడలు విడివిడిగా వేస్తే సరిపోతుంది కదా. ఆ ధ్యాసలో కంకిపాడు దాటిపోయి ఉయ్యూరులో దిగాను. పొద్దున ఆ మాట చెప్పగానే అన్నయ్య కుర్చీ జరిపి నాకు చోటిచ్చాడు. సూర్యుణ్ణి నడినెత్తి నుంచి పక్కకు దించాం. రెండు నీడలూ కలిసేచోట ఒక గీత పిల్ల ముందు ముందే నడిచేది, దాన్ని చెరిపేసరికి నెలాఖరు రానే వచ్చింది. ఈసారి ఆట తిరిగి రాలేదు.

కొన్నేళ్ళకు ఇంజిన్లు తయారుగానే దొరకసాగాయి, నీడ కావాలంటే ఒక గడిలో టిక్కు పెడితే చాలు. అన్నయ్య ఆఫీసు మూసేశాడు. మేం పడ్డ పాట్లు ఎవరికీ అక్కర్లేకపోయాయన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మొన్న అన్నయ్యింటి నుంచి తిరిగి వస్తూ పాత అలవాటుకొద్దీ కిటికీ పక్కన కూర్చున్నాను. రోడ్డు వెడల్పు చేశాక ఆ నిద్రగన్నేరు చెట్లు లేవు, పొద్దు వాలుతున్నా బస్సు ఎండలోనే పోతోంది. పని తప్పించుకోవడానికి మేం పెట్టుకున్న నీడలేని మిట్టమధ్యాహ్నం ఇప్పుడు ఆ దారి పొడవునా పరుచుకుని ఉంది. బాగాలేదని తిప్పి పంపేవాళ్ళే లేరు.