కంచె దగ్గరికి వచ్చిన గుర్రం

తొలిమంచు పడ్డాక వాన కురిసిందంటే సైబీరియాలోని యాకుత్ గుర్రాలవాళ్ల ఇళ్లలో నవ్వులు ఆగిపోతాయి. ఆ ఏడు అదే జరిగింది. సాయంత్రం దాకా చినుకులు, తెల్లారేసరికి ఎముకలు కొరికే చలి. సరస్సు చుట్టూ ఉన్న పచ్చిక మీద మంచు గాజుపెంకులా బిగుసుకుపోయింది. సిలాన్ మడమతో తొక్కి చూశాడు. పగల్లేదు. ఇంకా గట్టిగా తొక్కితే పగిలి, బూటు తోలు మీద గీత పెట్టింది.

గడ్డి ఆ పెంకు కిందే ఉంది. అతని మంద చలికాలమంతా గిట్టలతో మంచు తవ్వుకుని ఆ గడ్డే తినాలి. గుర్రాన్ని గుడారంలో పక్కన పడుకోబెట్టుకునే ఎడారి మనుషులకు ఈ సంగతి చెబితే కోతలు కోస్తున్నావంటారు. వాళ్ల గుర్రం వేరు. ఇది పాక ఎలా ఉంటుందో ఎరగదు. బొచ్చే దీని ఇల్లు, ఎండాకాలంలో వెన్నుకు పట్టించుకున్న కొవ్వే దీని గాదె. సరే, సిలాన్ సంగతికి వస్తే, వేసవి వానలకు పచ్చిక మునిగి ఆ ఏడు కోత సగమే దక్కింది. ఇంటి వెనకున్న ఒక్క గడ్డివామే స్వారీ గుర్రానికీ, ఆవుకీ, వసంతంలో ఈనబోయే బక్కవాటికీ సరిపోవాలి. ఇప్పుడే తీస్తే అప్పటికి పుల్ల మిగలదు.

దానికన్నా పెద్ద భయం ఇంకోటి ఉంది. ఒకసారి గడ్డి అలవాటు చేస్తే గుర్రం ఇక తవ్వదు. కంచె పట్టుకుని నిలబడిపోతుంది. పొరుగింటి ముసలి తెరెంతి మంద అలాగే పోయింది.

"ఏరా సిలాన్, కాలుగాలిన పిల్లిలా ఆ వామి చుట్టూ తిరుగుతున్నావు? పొదిగి పిల్లల్ని చేస్తావా ఏం?"

"నవ్వు బాబాయ్, నవ్వు. నీకేం, మంద బెంగ లేదు."

"మందే లేకపోతే బెంగెక్కడిది?" తెరెంతి గొట్టంలో పొగాకు కూరుకున్నాడు. "నేను గడ్డి లేక వాటిని పోగొట్టుకున్నానని అనుకుంటారు అందరూ. గడ్డి పెట్టే పోగొట్టుకున్నానురా. జాలిపడి."

సిలాన్ రోజూ పొద్దున్నే పచ్చికకు వెళ్తున్నాడు. తవ్విన గుంటల అంచున ఎర్రటి చుక్కలు. మందను నడిపే ముసలి బూడిదరంగు ఆడగుర్రం కాళ్లను పెంకు కోసేసింది. అది ఎటు పోతే మిగతావి అటే. దాని వెన్ను తడిమాడు. బొచ్చు కింద కొవ్వు ఇంకా మందంగానే ఉంది. చెయ్యి తీసీ తియ్యగానే అనుమానం, సరిగ్గానే తడిమానా అని.

ఒక పొద్దున అది కంచె దగ్గర నిలబడి ఉంది. చెట్ల చివర మంద ఆగి దాన్నే చూస్తోంది. సిలాన్ భార్య ఒగ్దో చేతినిండా గడ్డితో వామి దగ్గర్నుంచి వస్తోంది.

"అక్కడే ఆగు, ఒగ్దో."

"ఒక్క పిడికెడు. దాని కాళ్లు చూశావా?"

"చూశాను."

"చూసొచ్చి టీ ఎలా తాగావయ్యా? గొంతు ఎలా దిగింది?"

"దిగలేదు. కప్పు అలాగే ఉంది, వెళ్లి చూసుకో."

ఆమె అక్కడే ఆగింది. గడ్డి మాత్రం కింద పెట్టలేదు.

సిలాన్ స్వారీ గుర్రానికి జీను వేశాడు. కొమ్మల మొదళ్లు ముళ్లలా పొడుచుకొచ్చిన దుంగకు తాడు కట్టి జీనుకు తగిలించాడు.

"మంచు దున్ని ఏం పండిస్తావు, ముసలాయనా?" అంది ఒగ్దో.

"పండినది కిందే ఉంది. మూత తీస్తున్నానంతే. ఆ గడ్డి సాయంత్రం ఈ జీను గుర్రానికి పెట్టు, ఇవాళ కూలి వీడిది. నువ్వు లోపలికి పో. నువ్వు కనబడినంతసేపూ ఆ ముసలిది కంచె వదలదు."

దుంగ ఎగిరెగిరి పడుతూ పోయింది. వెనక పెంకు పలకలు పలకలుగా విరిగింది. సిలాన్ తల తిప్పలేదు. తిప్పితే ఆ ముసలి గుర్రం కంచె దగ్గరే కనిపిస్తుందని భయం. సరస్సు చుట్టి ఇంటివైపు తిరిగినప్పుడు ఇక చూడక తప్పలేదు. కంచె దగ్గర ఒగ్దో లేదు, గుర్రమూ లేదు.  ఒగ్దో దాన్ని కంచె లోపలికి తోలేసిందా?

వెనక నుంచి గరగరమని చప్పుడు. విరిగిన చాలులో బూడిదరంగు గుర్రం ముక్కు ఆనించి, గాయపు కాలితోనే ఒక పలకను పక్కకు లాగుతోంది. దాని వెనక మంద ఒక్కొక్కటే పచ్చికలోకి దిగుతోంది.

అతను ఆగలేదు. దుంగ ఆగితే అదీ ఆగిపోతుందేమోనని. దక్షిణం నుంచి గాలి మెత్తగా చెంపకు తగిలింది. ఈ రోజుల్లో మెత్తటి గాలి అంటే మళ్లీ వానే కావచ్చు. ఆకాశం వైపు ఒకసారి చూసి, గుర్రాన్ని రెండో చాలుకు తిప్పాడు.