సూర్యుడి చుట్టూ వలయం

ఆ వాతావరణ కేంద్రంలోని పరిశీలకుడు నవ్వగా చూసినవాళ్ళు లేరు. గంటకోసారి డాబా ఎక్కి, బొటనవేలితో సూర్యుణ్ణి కప్పి, దాని చుట్టూ కళ్ళు చిట్లించి వెతుకుతాడు. అంతెత్తున మంచు పలుకులతో పరుచుకునే పలుచని మబ్బు సూర్యుడి చుట్టూ వలయం కడుతుంది. మబ్బుల్ని కనిపెట్టే కొత్త యంత్రానికి అది అందదు. ఇతని కంటికి అందుతుంది. ఇవాళ కూడా పరిశీలనల పుస్తకంలో 'మబ్బు' అని రాస్తే అధికారి కొట్టేశాడు.

"యంత్రం ఏమీ లేదంటోంది. అవి మబ్బులు కాదు బాబాయ్, నీ కంట్లో శుక్లాలు. రేపట్నుంచి స్టోరులో కూర్చో."

ఇతను అధికారి మణికట్టు పట్టుకుని డాబా మీదికి లాక్కెళ్ళి, ఆయన బొటనవేలినే సూర్యుడికి అడ్డం పెట్టించాడు. చుట్టూ తెల్లటి వలయం. అధికారి వేలు దించకుండా దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఏమీ లేదు," అన్నాడు చివరికి.

"ఏమీ లేనిదాన్నేనా బాబూ, ఇంతసేపు చూశావు?"

స్టోరు తాళంచెవి అందుకునే ముందు ఇతను పుస్తకం తెరిచి 'మబ్బు' అని మళ్ళీ రాశాడు. దాని కింద, చూసినవాళ్ళు ఇద్దరని రాశాడు.