మామ్మ పారబోయని నీళ్ళు

నేను ఆశ్చర్యపోవడానికి తొందరపడే మనిషిని కాను. గాల్లోంచి విభూతి తీసే స్వాముల వెనక తిరిగి, ఆ విభూతి ఉండ వేళ్ళ సందులో ఎలా దాగుతుందో ఊరూరా చూపించినవాణ్ణి. నిప్పుల మీద నడిచి, ఇందులో దేవుడి పాత్ర ఏమీ లేదని మైకులో చెప్పినవాణ్ణి. ఎవరైనా నలుగుర్ని పోగేసి నిలబడితే, మోసం ఎక్కడుందా అని వెతకడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటే ఆమె విషయంలో నన్ను రెండుసార్లు బోర్లా పడేసింది.

ఆమె వన్‌టౌన్‌లో ఓడరేవు పక్కన ఉండే ఒక దర్జీ కూతురు. తండ్రి కొట్లో గుండీలు కుడుతూ పెరిగింది. తన ఒంటినే పనిముట్టుగా చేసుకుని, జనం మధ్య ఏదో ఒక పని చేసి చూపించడం ఆమె కళ. అది బొమ్మ కాదు, పాట కాదు, నాటకమూ కాదు. అందుకే దానికి ఏం పేరు పెట్టాలో తెలియక చాలామంది తిట్టు పేర్లే పెట్టారు.

మొదటిసారి ఆమెను ద్వారకా నగర్‌లో చూశాను. రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఖాళీ షాపు అద్దెకు తీసుకుని, ఒక బోర్డు పెట్టింది. "చిరిగిన బట్ట కుట్టబడును. ఒంటి మీద ఉన్నదే ఇవ్వాలి. కుట్టేదాకా ఇక్కడే కూర్చోవాలి." మిషను లేదు, చేతికుట్టే. ఒక్క గుండీకి అరగంట. వేళాకోళానికి లోపలికి వెళ్ళిన మగవాళ్ళు చొక్కా విప్పి ఇచ్చి, బెంచీ మీద చేతులు కట్టుకుని ముడుచుకుపోయేవారు. గుడిలో, సముద్రం ఒడ్డున చొక్కా లేకుండా తిరిగేవాళ్ళే. ఒక ఆడమనిషి సూది పట్టుకుని నింపాదిగా కూర్చునేసరికి వాళ్ళకి ఒళ్ళు గుర్తొచ్చింది. మగవాళ్ళ పరువు తీస్తోందని బయట గొడవలయ్యాయి.

నేను అప్పటికే ఆమె మీద ఒక పత్రికలో వ్యాసం రాశాను, కళ పేరుతో కనికట్టు అని. చూడకుండానే రాశాను. స్నేహితుడు ఎద్దేవా చేశాడు.

"స్వాములనైతే సూసొచ్చి మరీ తిడతావు కదా బావా. ఈ పిల్లని సూడకుండానే తిట్టీసేవేటి?"

ఆ మాట గుచ్చుకుని వెళ్ళాను. జేబు చిరిగిన చొక్కా ఇచ్చి బెంచీ మీద కూర్చున్నాను. సభల్లో చొక్కా లేకుండా నిప్పులు తొక్కినవాణ్ణి, అక్కడ పది నిమిషాలు కుదురుగా ఉండలేకపోయాను. ఆమె తలెత్తకుండానే అంది:

"మైకు లేదని ఇబ్బందిగా ఉందా మాస్టారూ?"

బడిపంతులు ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయినా ఊళ్ళో నేను మాస్టార్నే. నవ్వొచ్చింది. నవ్వాక కుదురుగా కూర్చున్నాను. ఆ జేబు ఇప్పటికీ ఊడలేదు.

రెండేళ్ళ తర్వాత ఆమే నా ఇంటికి వచ్చింది. వన్‌టౌన్‌లో డాబాల మీద ఆరేసిన బట్టలు గాల్లో దుమ్ముకి సాయంత్రానికి నల్లబడతాయి. అందరికీ తెలిసినదే, అందరూ అలవాటుపడిపోయినదే. ఆమె తనే దండెంగా నిలబడతానంది. తాడు ఒక కొస పిట్టగోడ కొక్కేనికి, రెండో కొస తన నడుముకి. మధ్యలో ఒక తెల్ల బట్ట. ఆమె కూర్చుంటే బట్ట నేలకి తగులుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, నలభై రోజులు, రోజుకొక కొత్త బట్ట.

"మీరు సాక్షిగా ఉండాలి."

"నేనెందుకు? నీ పనిని నమ్మనివాణ్ణి కదా."

"నమ్మేవాళ్ళు సాక్ష్యానికి పనికిరారు మాస్టారూ."

నా జీవితమంతా నేను చెప్పాల్సిన మాట అది. ఒప్పుకున్నాను. ప్రతి బట్టకీ అంకె వేశాం, బట్టలుతికేవాళ్ళు గుర్తు పెట్టే నల్లజీడి రసంతో. ఎన్ని ఉతుకులకీ అది పోదు. పోల్చి చూడటానికి నలభై ఒకటో బట్టను ఆరేయకుండా పెట్టెలో దాచమన్నాను.

ఆమె నిలబడ్డ డాబా వాళ్ళ పక్కింటి మామ్మది. నౌకల దగ్గర మూటలు మోసిన భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. మొదటిరోజే నడుం మీద చేతులేసుకుని నిలదీసింది.

"ఏటి సేత్తన్నావే పిల్లా? దండేనికి కర్ర దొరకనేదా? నానిస్తాను."

మధ్యాహ్నం మాత్రం పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టింది. నలభై రోజులూ పెట్టింది. మధ్యలో ఎవరో ఇది మొక్కు అనుకుని ఆమె కాళ్ళ దగ్గర పసుపూ నిమ్మకాయా పెట్టి దండం పెట్టారు. నేను గొంతు సవరించుకుని ఉపన్యాసానికి లేచాను. ఈలోగా ఆమె నిమ్మకాయ అందుకుని వెనక్కి చాచింది.

"ఉప్పేసి నీళ్ళు కలుపు మామ్మా, గొంతెండిపోతంది."

గటగటా తాగేసింది. మర్నాటినుంచి ఎవరూ పసుపు తేలేదు. ఒక మూఢనమ్మకం ఇంత తొందరగా, ఎవరినీ నొప్పించకుండా ఆరిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

నలభయ్యో రోజు తాడు విప్పేసరికి ఆమె కాళ్ళు కుండల్లా వాచాయి, ఒళ్ళు కాలిపోతోంది. సీతమ్మధారలో ఒక క్లినిక్‌లో చేర్చాం. నల్లబడ్డ నలభై బట్టలూ, దాచిన ఆ ఒక్కటీ మామ్మ ఇంట్లో రేకుపెట్టెలో ఉన్నాయి. వేరే ఊళ్ళో ఒక పెద్ద ప్రదర్శనశాల వాటికోసం ఎదురుచూస్తోంది. ఇన్నాళ్ళూ వీధిలో తిట్లు తిన్న పనికి దొరికిన మొదటి పిలుపు అది. వారంలో లారీ వస్తుంది. ఆ బట్టలు లేకపోతే చూపించడానికి ఏమీ లేదు.

ఆమె ఇంటికొచ్చే రోజు పొద్దున్నే పెట్టె తీసుకుందామని వెళ్ళాను. మామ్మ డాబా నిండా తెల్లటి బట్టలు. నీలిమందు పెట్టి, జాడించి, మడత నలగకుండా ఆరేసింది. మూలమూలా నల్లజీడి అంకెలు మాత్రం ఉన్నాయి. నలభై ఒకటీ ఒకేలా మెరుస్తున్నాయి.

"ఏం చేశావు మామ్మా?"

"జొరం తగ్గి ఇంటికొచ్చే పిల్లకి మాసిన గుడ్డలు ఎదురొస్తాయేటి బాబూ? కీడు కదా. రెండ్రోజులు కూకుని ఉతికినాను."

నేను అరిచాను. కీడేమిటి, మూర్ఖత్వం కాకపోతే అని, నలభై రోజుల చాకిరీ నాశనం చేశావని, వీధి వీధంతా వినేలా అరిచాను. బట్టల సోడాకి పగిలిన చేతులు చీరలో దాచుకుని ఆ ముసలమ్మ నిలబడిపోయింది. అంత కోపంలోనూ ఒకటి గమనించాను. నా మాటలన్నీ సరైనవే, ఒక్కటీ దేనికీ పనికిరాలేదు.

ఆమె ఆటో దిగి మెల్లగా మెట్లెక్కి వచ్చింది. బట్టల వైపు చాలాసేపు చూసింది. ముఖం పాలిపోయింది. తర్వాత మామ్మ చేతులు చీరలోంచి బయటికి తీసి, తిప్పి చూసింది.

"నీళ్ళేం చేశావు మామ్మా?"

"ఏ నీల్లు?"

"ఉతికిన నీళ్ళు."

"ఏటి సేత్తాను? కొళాయి దినం మార్చి దినం వస్తంది. మొదటి నీల్లు ఎవులైనా పారబోత్తారా? దొడ్డికి పనికొస్తాయని డ్రమ్ములో పోసినాను. నల్లగున్నాయని ఇంకా ముట్టుకోనేదు."

ఆమె డ్రమ్ము మూత తీసింది. పైన నీళ్ళు తేటగానే ఉన్నాయి. భుజం దాకా చెయ్యి ముంచి, అడుగునుంచి పిడికిలి తీసి వేళ్ళు విప్పింది. అరచేతిలో నల్లటి ముద్ద, కాటుకలాంటిది.

నేను ఎన్నో ఏళ్ళు ఎనిమిదో తరగతికి పాఠం చెప్పాను, పదార్థం నాశనం కాదని. బోర్డు మీద రాశాను, పరీక్షలో అడిగాను. ఆ పొద్దున ఆ డాబా మీద ఆ పాఠాన్ని మొదటిసారి కళ్ళతో చూశాను. నలభై రోజుల గాలి అక్కడ, ఒక ప్లాస్టిక్ డ్రమ్ము అడుగున, నిశ్శబ్దంగా పేరుకుని ఉంది. ఆ దుమ్ము ఎక్కడిదో నేను చెప్పను, దానికి ప్రయోగశాల ఉంది. ఉందా లేదా అన్న ప్రశ్న మాత్రం అక్కడితో ముగిసింది.

మామ్మ వంగి ఆ ముద్దను వేలితో తాకింది.

"ఇదంతా మనం పీల్సిందేనా పిల్లా?"

"ఇది మనం పీల్చనిది మామ్మా. పీల్చింది లోపలుంది."

 మామ్మ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆ నలభై రోజుల్లో ఆవిడ అలా చేయడం నేను ఒక్కసారీ చూడలేదు.

లారీలో నలభై తెల్ల బట్టలూ డ్రమ్మూ వెళ్ళాయి. తర్వాత ఆమె పేరు చాలా దూరం వెళ్ళింది. ఇప్పుడు కళ చదువుకునే పిల్లలు ఆమె నిలబడ్డ డాబా చూడటానికి వస్తారు. తమ ఊళ్ళలో తమ దండేలు కడతారు. వాళ్ళతో నేను వాదించను. నా పాత వ్యాసం తప్పని అదే పత్రికలో రాశాను. అంతకంటే గట్టి పని నాకు చేతకాలేదు.

ప్రదర్శన మొదలైన రోజు మామ్మనూ తీసుకెళ్ళారు. ఆవిడ డ్రమ్ము పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది, ఎవరైనా పారబోస్తారేమోనని. ఇదంతా ఎవరు చేశారని ఒక పెద్దమనిషి అడిగాడు. ఆమె మామ్మ వైపు చూపించింది. మామ్మ లేచి, చీర సర్దుకుని, లెక్కగా చెప్పింది.

"ఆ పిల్ల నిలబడింది. నాను ఉతికినాను. ఈ మాస్టారు అరిసినారు."