కీ నొక్కే ముందు చదివే ఆవిడ

ఆ రోజు తప్పు నాదే.

ఎనభైల చివర్లో మా విత్తనాల ఆఫీసు గోస్పాడు నుంచి నంద్యాలకు మారింది. కంప్యూటర్ ఆపరేటరమ్మ ఏ మాట మార్చాలన్నా దాన్ని వెతికించి, దొరికిన ప్రతిచోటా వరుసంతా చదివాకే కీ నొక్కేది.

"ఒకేసారి మార్చొచ్చు కదమ్మా, ఏందింత నిదానం?" అన్నాను.

"దానికి మాట కనపడతాది గానీ మనిషి కనపడడన్నా. నేను చూడాల్ల."

ఆమె భోజనానికి వెళ్లినప్పుడు, రైతుల జాబితా పైనున్న ఆఫీసు చిరునామా మార్చబోయి, అందులోని గోస్పాడులన్నీ ఒక్క దెబ్బకు నంద్యాల చేశాను. గోస్పాడు రైతులంతా నంద్యాల వాళ్లయిపోయి, అసలు నంద్యాల రైతుల్లో కలిసిపోయారు. ఆఫీసరు ఆమెనే తిట్టి, "రేపట్నుంచి రావొద్దు" అన్నాడు. నేను నోరు విప్పలేదు.

మరుసటి ఉదయం ఆఫీసరు దగ్గర నిజం ఒప్పుకుంటే, ఆమెను మళ్లీ రమ్మన్నాడు. ఆమె ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పి, క్షమించమన్నాను.

"రైతులు రాసిచ్చిన దరఖాస్తులు తీసిపెట్టు పో అన్నా, వాటిల్లో ఊరుంటాది. నువ్వు చదువు, నేను కొడతా."

సాయంత్రం దాకా ఒక్కొక్క రైతునూ వాళ్ల ఊరికి చేర్చాం.