మా బావ ముక్కు

మా బావకి సొంత పేరు ఒకటుందని షాపులో సగం మందికి తెలియదు. అందరూ ముక్కు అంటారు. ఎదురుగానే అంటారు, ఆయన పలుకుతాడు.

కారులో వెచ్చటి గాలి రావడానికి డ్యాష్‌బోర్డు వెనకాల ఒక చిన్న రేడియేటర్ ఉంటుంది. హీటర్ కోర్ అంటారు. ఇంజిన్‌ని చల్లబరుస్తూ కాగిన కూలెంట్ అందులోంచి తిరుగుతుంది. దానికి చిల్లు పడితే కూలెంట్ రోడ్డు మీద కారదు, కారు లోపల మ్యాటులోకి దిగుతుంది. అద్దానికి లోపలివైపు జిడ్డు ఆవిరి పడుతుంది, పాకంలాంటి తియ్యటి వాసన వేస్తుంది. చలి మొదలైతే మాకు రోజూ ఇదే పని. బావ తలుపు తీసి, తల లోపల పెట్టి, ఒక్కసారి గాలి పీల్చి "కోర్ పోయింది" అనో "వాననీళ్లే" అనో తేల్చేవాడు. కోర్ మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదియ్యాలి, రెండు రోజులు పడుతుంది. ఊరికే ఊడదీసి చూస్తామంటే ఎవరూ ఒప్పుకోరు. అందుకే ఆ ముక్కుకి అంత గిరాకీ.

గిరాకీని కనిపెట్టింది మా నాన్న. షాపు ఆయనది, బావ పెళ్లాడింది ఆయన కూతుర్ని, కాపురం ఉంటున్న మేడ మీద గదీ ఆయనదే. ఆయనే ఒక పద్ధతి పెట్టాడు. ముక్కు పెట్టేదాకా బండి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, పంపు తగిలించి ప్రెషర్ నిలుస్తోందో దిగుతోందో చూడకూడదు. ముక్కు పెట్టాక బావ కూడా మ్యాటు తడమకూడదు, పంపు ముట్టకూడదు. "వాసన చూసినోడు మళ్లీ తడిమి చూశాడంటే కస్టమర్‌కి అనుమానం రాదూ?" అనేవాడు.

రెండేళ్ల కిందట బావకి పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన వారానికి ఒక పొద్దున మా అక్క కేకలు విని నేను మేడెక్కాను. పొయ్యి మీద పాలు ఇగిరి, గిన్నె నల్లగా మాడిపోయింది. బావ పొయ్యికి వీపు పెట్టి పేపరు చదువుకుంటున్నాడు.

"వీధంతా ముక్కు మూసుకుంటోంది, మీకు తెలియట్లేదా? ఊరందరి కార్లూ వాసన చూస్తారు, ఇంట్లో పాలు మాత్రం నేనే చూసుకోవాలా?"

బావ పేపరు మడిచాడు. "తెలియట్లేదే. జ్వరం దగ్గర్నుంచీ ఏ వాసనా తెలియట్లేదు." తర్వాత నా వైపు తిరిగాడు. "మీ నాన్నతో అనకు."

"అనను గానీ, నువ్వే చెప్పెయ్ బావా. చెప్పి వేరే షాపుకి పో. ఎన్నాళ్లీ గోల?"

"అడిగి చూశాన్రా, రెండు చోట్ల. ముక్కాయన నువ్వేనా, రా రా అన్నారు. ఎక్కడికి పోయినా ఇది నాకంటే ముందే వెళ్లి కూర్చుంటోంది."

అప్పట్నించీ దొంగ పని మొదలైంది. తల లోపల పెట్టేటప్పుడు ఒళ్లు అడ్డం పెట్టి, ఎడమ చెయ్యి సీటు కిందకి జార్చి మ్యాటు నొక్కేవాడు. వేళ్లు రుద్దితే నీళ్లు ఆరిపోతాయి, కూలెంట్ అయితే జారుతుంది. తల బయటికి తీసేలోపు చెయ్యి ప్యాంటుకి తుడిచేసుకునేవాడు. ప్యాంటు ఎడమవైపు జేబు దగ్గర ఆ మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. రెండేళ్లు ఇలాగే నెట్టుకొచ్చాడు, ఎవరికీ అనుమానం రాలేదు.

మొన్న వానల తర్వాత టాక్సీ నడిపే ఒకావిడ వచ్చింది. అద్దం మసకేస్తోందట, ఎడమవైపు మ్యాటు తడుస్తోందట. రోజూ పొద్దున్నే ముగ్గురు ముసలివాళ్లని కొండ మీది ఆసుపత్రికి తీసుకెళ్తుంది.

"వాసనేమైనా వస్తోందా అమ్మా?" అని అడిగాడు బావ.

"నాకు పది రోజులుగా జలుబన్నా. పేడ పక్కన కూర్చోబెట్టినా తెలియదు."

బావ తల లోపల పెట్టాడు. ఆవేళ మా నాన్న ఎవరో స్నేహితుణ్ణి తీసుకొచ్చాడు, తన అల్లుడి ఘనత చూపించడానికి. ఇద్దరూ బావ మోచేతి పక్కనే నిలబడి వంగి చూస్తున్నారు. చెయ్యి జార్చడానికి సందు లేదు. బావ గాలి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. చెవులు ఎర్రబడ్డాయి. బండి పని రాసుకునే జాబ్ కార్డు పట్టుకుని నేను ఎదురుగానే ఉన్నాను. నోరు తెరవాల్సింది. తెరవలేదు.

"వాననీళ్లే," అన్నాడు.

అద్దం కింద వాననీళ్లు పోయే గొట్టంలో ఆకులు తీసి, మ్యాటు ఆరబెట్టి పంపించేశాం.

నాలుగో రోజు ఆ టాక్సీని తాడు కట్టి లాక్కొచ్చారు. ఎత్తు ఎక్కుతుంటే లోపల కోర్ పగిలిందట. అద్దమంతా ఒక్కసారిగా తెల్లబడిపోయింది. ముసలివాళ్లు కేకలు. ఆవిడ రోడ్డు కనపడక, పక్క గోడకి రాసుకుంటూ బండి ఆపింది. ముసలివాళ్లకి ఏమీ కాలేదు. ఆవిడ కుడి పాదం మీద మాత్రం మరిగిన కూలెంట్ పడింది. కట్టుతో కుంటుకుంటూ వచ్చింది.

"వాననీళ్లన్నావు కదన్నా. వాననీళ్లు ఇలా కాలుస్తాయా?"

బావ ఆ పాదం వైపే చూశాడు. "నాకు వాసన తెలియదమ్మా. రెండేళ్లయింది. ఆవేళ తోచింది చెప్పాను. తప్పు నాది."

మా నాన్న గట్టిగా నవ్వాడు. "చూశావా అమ్మా, ఎంత బాధపడుతున్నాడో! మనసు వెన్న మావాడిది."

"మావయ్యా, నిజంగానే..."

"ముందు బండి పని చూడు."

చూశాడు. పగిలింది కోర్ ఒక్కటేనా అని హోసు పైపులన్నీ తడిమాడు. పాత కూలెంట్ దించి, స్టీరింగ్ దించి, డ్యాష్‌బోర్డు విప్పి, పెడల్స్ సందులో వెల్లకిలా దూరాడు. రెండు రోజులు ఆయన కాళ్లు మాత్రమే బయటికి కనిపించాయి. అన్నం తినడానికి పిలిస్తే కాళ్లు అడ్డంగా ఊగేవి. కొత్త కోర్ పెట్టి, కూలెంట్ నింపి, గాలి తీసి, పంపుతో ప్రెషర్ ఎక్కించి గంటసేపు దాని మీటర్ ముల్లు ముందు కూర్చున్నాడు. ముల్లు కదల్లేదు. ఆవిడ తాళాలు తీసుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం నాన్న ఆయన్ని టైర్ల గదిలోకి పిలిచాడు.

"నిజమేనా?"

"నిజమే మావయ్యా. రేపట్నుంచి పంపు పెట్టే చెప్తాను. ముక్కు పేరెత్తకండి."

"పంపు పెట్టుకో, ఎవడొద్దన్నాడు? కానీ ఆ మాట ఇంకెవరి దగ్గరా అనకు."

మర్నాడు తొమ్మిదింటికి అద్దం మసకేస్తోందంటూ ఒకాయన కారు తెచ్చాడు. బావ పంపు పట్టుకుని వెళ్లాడు. నాన్న దాన్ని మెల్లగా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాడు.

"ముందు ముక్కు."

బావ నా వైపు చూశాడు. తలుపు తీసి తల లోపల పెట్టాడు. ఈసారి పీల్చినట్టు నటించనైనా లేదు. మేమందరం వినేలా, విడమరిచి చెప్పాడు:

"వాసన చూసి చెప్పలేను. పంపు పెట్టాలి."

నాన్న కస్టమర్ భుజం తట్టాడు. "విన్నారుగా? పంపు పెట్టాలని ముక్కు చెప్పింది. ఇక తిరుగులేదు."

కస్టమర్ తృప్తిగా తలూపాడు. బావ తల ఇంకా కారులోనే ఉంది.