సంతకం పెట్టినవాడే ఎక్కాలి

ఈ ఉదయం మాదాపూర్‌లో మా ఆఫీసు లిఫ్టు తలుపు లోపలివైపున్న పాత స్టిక్కరు జిగురును హౌస్‌కీపింగ్ లక్ష్మమ్మ కిరోసిన్ గుడ్డతో తుడుస్తోంది. లిఫ్టులో అందరూ ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం దిగాల్సిన చోట దిగకుండా ఇంకో రెండంతస్తులు వెళ్లాను. ఆ వాసన యాదగిరి గారిది. పాత ఎయిర్‌పోర్టులో ముప్పై ఏళ్లు విమానం ఇంజన్లు విప్పి బిగించిన మెకానిక్ ఆయన. ఎంత కడిగినా ఆ చేతుల్ని కిరోసిన్ వదిలేది కాదు.

మా కంపెనీ మ్యూజియాలు తయారుచేస్తుంది. అంటే గోడలూ, లైట్లూ, బోర్డులూ మావి. విషయం మాత్రం తెలిసినవాళ్లను అడిగి తెచ్చుకుంటాం. ఈ ప్రాంతపు విమానయాన చరిత్ర మీద ఒక ఐటీ పార్కు కింది అంతస్తులో మ్యూజియం పెట్టే పని వచ్చినప్పుడు, ఆ తెలిసిన మనిషిగా లింగంపల్లి నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో ఆయన వచ్చేవారు. విమానాల గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా వాటిలో ఉప్మా బాగుండదని.

ఒక పాత శిక్షణ విమానం ముక్కలుగా లారీలో వచ్చింది. బిగించడం అయ్యాక తనిఖీ జాబితా నింపి ఆయనకు చూపించాను.

“అన్ని బోల్టులకు టిక్కు పెట్టినవ్. యాడికెళ్లి చూసినవ్ బిడ్డా?”

“కుర్చీలోంచి సార్.”

ఆయన తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని రెక్క కిందికి తీసుకెళ్లి ఒక్కో బోల్టూ ముట్టించారు. మూడు వదులుగా ఉన్నాయి.

“మా దగ్గర మరమ్మతైనంక సంతకం పెట్టినోన్నే విమానం గాల్లకు లేసే మొదటి చక్కర్ల కూసోబెట్టేటోళ్లు. గందుకే రెండుసార్లు చూసేటోళ్లం.”

“మీరెన్నిసార్లు ఎక్కారు?”

“సంతకం పెట్టినన్ని సార్లు. ఇంకా ఉన్న గద!”

ప్రారంభానికి వారం ముందు ఎవరో ప్రొపెల్లర్‌ను వెనకవైపు ముందుకొచ్చేలా తిరగేసి బిగించారు. దాని రెక్క ఉబ్బెత్తు వైపు ముందుకు ఉండాలి, చదును వైపు పైలట్‌కేసి ఉండాలి. కానీ స్పాన్సర్ లోగో స్టిక్కరు ఉబ్బెత్తు మీద ముడతలు పడుతోందట. చదును వైపు చక్కగా అతుక్కుంది.

“చొక్కా ఉల్టా తొడిగిండ్రు సార్ దీనికి,” అన్నారు యాదగిరి గారు మా మేనేజర్‌తో.

“ఇదేమైనా ఎగురుతుందా అండీ? వచ్చేవాళ్లలో ఎవరికి తెలుస్తుంది?”

“తెల్వనోళ్ల కోసమే గద సార్ మ్యూజియం.”

మేనేజర్ నవ్వి, ‘సాంకేతికంగా అంతా సరిగ్గా ఉంది’ అన్న కాగితం, తన పెన్నూ ముందుకు జరిపారు. యాదగిరి గారు పెన్ను మూతపెట్టి, మేనేజర్ జేబులోనే పెట్టి, స్టేషన్‌కు వెళ్లిపోయారు. కాగితం నా దగ్గరికి వచ్చింది. నా చేతిరాత బాగుంటుందని బళ్లో అనేవారు. సంతకం పెట్టాను.

ప్రారంభం రోజు ఆయన రాలేదు. ఫోన్ చేశాను.

“సంతకం నువ్వు పెట్టినవంట?”

“అవును సార్. వాళ్లు తొందరపెడితే...”

“మంచిగైంది. ఇగ ఎక్కు బిడ్డా.”

మా మధ్య అదే చివరి మాట. ఆ వానాకాలంలో ఆయన పోయారు.

నెల తిరక్కుండా విమానం పక్కన ఆయన ఫోటో వెలిసింది. కింద అందమైన అక్షరాలు: ‘సాంకేతిక అంశాలన్నీ స్వయంగా పరిశీలించి ఆమోదించినవారు.’ బతికుండగా చేయనన్న పనిని చనిపోయాక ఆయనతో చేయించారు. బోర్డు తీసేయమని, ప్రొపెల్లర్ తిప్పమని రాస్తూనే ఉన్నాను. గమనించామని జవాబు వస్తుంది. గమనించడంలో మా వాళ్లకు సాటి లేదు.

“పెద్దాయనకు గౌరవం ఇస్తే మీకెందుకండీ కోపం?” అన్నారు మేనేజర్.

కోపం తగ్గడానికి నన్నొక ధ్యానం తరగతికి పంపారు. గుండెల నిండా గాలి పీల్చి వదిలాను. ప్రొపెల్లర్ తిరగలేదు.

ఇప్పుడు చేత్తో ముట్టుకోనిదే దేనిమీదా సంతకం పెట్టను. నా వల్ల పనులు ఆలస్యమవుతాయని పేరు. కావచ్చు. మీరెప్పుడైనా ఆ మ్యూజియానికి వెళ్తే ఫోటో కింది మాట నమ్మకండి. ఆ ప్రొపెల్లర్ తిరగేసి ఉంది. అది తెలిసీ సంతకం పెట్టింది నేను, ఆయన కాదు. ఇదంతా రాసిన ఈ కాగితం కింద కూడా సంతకం నాదే. దీన్ని రెండుసార్లు చూశాను. ఎక్కుతాను.