రిఫ్‌అత్‌కూ అదే నొప్పి

మా అలెగ్జాండ్రియాలో నా నేస్తం రిఫ్‌అత్‌కు లేని జబ్బు లేదు. అయితే వాటిలో ఒక్కటీ సొంతం కాదు. ఎవరి బాధ చెవిన పడినా మరుక్షణమే అది ఆయనకు సంక్రమించేది. మేడమీదివాళ్ళ కోడలు నెలలు నిండి నడుం పట్టుకుంటే, ఈయనా నడుం పట్టుకునే మెట్లెక్కాడు.

జీవితమంతా వ్యాకరణం బోధించి విరమించిన నాకు (ఒక్క విభక్తి తప్పితే నిద్రపట్టని ఆ వైభవం ఇక్కడ అప్రస్తుతం) వెన్నునొప్పి వచ్చింది. రక్తం తగ్గిందనీ, అందులో ఒకరకం ప్రోటీను హద్దు మీరిందనీ, ఎముకమజ్జలో కేన్సరేమో చూడాలనీ డాక్టర్ నెర్మీన్ చెప్పింది. ముందుగా ఒక పగలూ రాత్రీ మూత్రమంతా డబ్బాలో పట్టమంది.

నేను సిగ్గుతో ఇంట్లో దాక్కున్నాను. రిఫ్‌అత్ నాకంటె పెద్ద డబ్బాతో దిగాడు.

"పదవోయ్ ఉస్తాదూ, కాఫీ దుకాణానికి! పాచికలు ఎదురుచూస్తున్నాయి."

"దీంతోనా? పరువు పోతుంది!"

"ఒక్కడివే మోస్తే పోతుంది. ఇద్దరం మోస్తే ఫ్యాషన్ అంటారు."

దుకాణదారు బల్లకింది డబ్బా చూసి గద్దించాడు: "బయటి రసాలు లోపలికి తేకూడదు బాబాయ్!"

"రుచి చూసి మాట్లాడు," అన్నాడు రిఫ్‌అత్ గంభీరంగా.

ఆ పరీక్షా అనుమానాన్నే బలపరిచింది. ఇక తుంటి ఎముకలోంచి మజ్జ తీయాలనగానే నా పాండిత్యం బేరానికి దిగింది.

"ఊరికే మందు రాసివ్వరాదూ?"

"ఇది తేలకుండా ఏ మందని రాయను ఉస్తాద్?" అంది నెర్మీన్.

"ముందు నాకు తీయండి డాక్టరమ్మా, నాకూ అక్కడే నొప్పి!" అంటూ రిఫ్‌అత్ లోపలికి దూరాడు. కాసేపటికి కుంటుతూ, నవ్వుతూ వచ్చాడు. "చీమ కుట్టినట్టుంది, అంతే."

ఆయనకంటె పిరికివాణ్ణనిపించుకోవడం ఇష్టంలేక పడుకున్నాను. అక్కడ మొద్దుబారడానికి మందు ఇచ్చినా, మజ్జ లాగినప్పుడు అది చీమ కాదని తెలిసింది. అప్పుడు నేనన్న మాటల్లో ఒక్కదానికీ కర్తా లేదు, క్రియా లేదు.

"ఆయన అరవనేలేదే!" అన్నాను.

నర్సు నవ్వింది. "ఆయనకు తీస్తేగా! సూది చూడగానే పడిపోతే చక్కెరనీళ్ళు పట్టాం. ఆ కుంటుడు ఆయన సొంతం."

ఫలితం వచ్చింది: మైలోమా, అనుమానించిన ఆ మజ్జ కేన్సరే. అదుపులో పెట్టే మందులున్నాయనీ, వారం వారం రావాలనీ నెర్మీన్ చెప్పింది. నేను అలవాటుగా రిఫ్‌అత్ వైపు చూశాను.

"నాకు లేదు," అన్నాడు.

"నా జలుబుని కూడా వదల్లేదు కదయ్యా!"

"గుండ్రాయిలా ఉన్నాను. వారం వారం నిన్ను ఇక్కడికి లాక్కొచ్చేవాడు బాగుండద్దూ?"

ఈ మాట విన్న ఆయన భార్య బహీగా హడలిపోయి, అప్పటికప్పుడే నెర్మీన్‌కు ఫోన్ చేసింది: "డాక్టరమ్మా, మా ఆయన ఆరోగ్యంగా ఉన్నానంటున్నాడు. ఒకసారి తీసుకురమ్మంటారా?"